ఉభయకుశలోపరి

2024 డిసెంబర్ 22, ఆదివారం మధ్యాహ్నం. రాయపూర్‌లో చలికాలపు ఎండ హాస్టల్ డాబా మీద పలచగా పరుచుకుంది. ఉతికిన దుప్పట్లు తీగల మీద ఆరుతున్నాయి. అమ్మాయిలంతా మెస్‌లో ఉన్నారు. రెండో అంతస్తు గదిలో ఒకామె మాత్రం బల్ల ముందు కూర్చుని అరగంటగా ఒకే వాక్యం చూస్తోంది. 'ఇక్కడ అంతా క్షేమం.' ఆ వాక్యం రాసింది తనే. దాని తర్వాత ఏం రాయాలో తెలియడం లేదు.

బల్ల మీద ఉన్నది నీలం రంగు ఇన్‌ల్యాండ్ లెటరు. ఖరీదు రెండున్నర రూపాయలు. శనివారం పోస్టాఫీసులో అడిగితే కౌంటర్ వెనక ఉన్నాయన బీరువా అడుగు అరలోంచి వెతికి తెచ్చి, "ఇంకా ఎవరు రాస్తున్నారమ్మా?" అని హిందీలో నవ్వాడు. ఆమె రెండు కొంది. ఒకటి పాడైపోతుందని ముందే తెలుసు.

ఆమెకు ఇరవయ్యేళ్లు. బొబ్బిలికి దగ్గర్లోని పల్లె. తండ్రికి రెండున్నర ఎకరాల మడి. ఇంటర్ తర్వాత వ్యవసాయ డిగ్రీలో ఆంధ్రలో సీటు రాలేదు, రాయపూర్‌లో వచ్చింది. ఇప్పుడు మూడో సంవత్సరం. ఏటా డిసెంబర్ చివర్లో ఇంటికి ఒక ఉత్తరం రాయడం ఆమెకు అలవాటు. అది ఏడాది మొత్తానికి లెక్క చెప్పే ఉత్తరం. రోజూ ఫోన్‌లో మాట్లాడే తండ్రికి ఉత్తరం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ఆ అలవాటు మొదలైంది మాత్రం యాదృచ్ఛికంగానే.

2022లో రాయపూర్ వచ్చిన కొత్తలో ఫోను నీళ్ల బకెట్‌లో పడింది. బాగు చేయించడానికి చేతిలో డబ్బులు లేవు. గదిలో ఉండే అమ్మాయి ఫోన్ నుంచి ఇంటికి ఒక్క నిమిషం మాట్లాడి, మిగతా సంగతులు ఇన్‌ల్యాండ్ మీద రాసి పంపింది. ఆ ఉత్తరం ఇంట్లో కలిగించిన సంబరం ఆమె ఊహించనిది. తమ్ముడు వీధి అరుగు మీద నిలబడి గట్టిగా చదివాడు. పక్కింటివాళ్లు వచ్చి కూర్చున్నారు. నాయనమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుని, మడిచి, ట్రంకు పెట్టెలో దాచింది. "ఫోన్లో మాటలు ఎగిరిపోతాయి, ఇది ఉంటాది" అన్నది ఆవిడ తీర్పు. ఆ తర్వాతి ఏడాది డిసెంబర్ రాగానే, "ఈసారి కాగితం ఎప్పుడమ్మీ?" అని ఆవిడే అడిగింది.

ఆ పెట్టెలో అంతకు ముందు నుంచే కొన్ని ఉత్తరాలున్నాయి. తాతయ్యవి. 1960లలో ఆయన భిలాయి ప్రాంతంలో ఒక కాంట్రాక్టరు దగ్గర కూలి పనికి వెళ్లాడు. సోవియట్ సాయంతో కట్టిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి కొలిమి 1959లో వెలిగింది. ఆ చుట్టుపక్కల పని దొరుకుతుందన్న కబురు ఉత్తరాంధ్ర పల్లెల దాకా వచ్చింది. కబురుతో పాటు మనుషులను మోసుకెళ్లడానికి రైలు అప్పటికే ఉంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే ఆ దారి 1931లో పూర్తయింది. మధ్య పరగణాల సరుకును విశాఖ రేవుకు చేర్చడం దాని అసలు ఉద్దేశం. రేవు 1933లో తెరుచుకుంది. సరుకు కిందికి దిగింది, కూలీలు పైకి వెళ్లారు. రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో ఈనాటికీ తెలుగు మాట వినిపించడానికి ఆ పట్టాలు ఒక కారణం.

తాతయ్య ఉత్తరాలన్నీ ఒకే తీరులో ఉంటాయి. 'ఉభయకుశలోపరి' అని మొదలవుతాయి. ఇక్కడ అంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను, డబ్బు మనియార్డరు చేశాను, పిల్లలు జాగ్రత్త. అంతే. ఆమె చిన్నప్పుడు ఆ మాట అర్థం అడిగితే ఊళ్లో తెలుగు మాస్టారు చెప్పారు. ఇటూ అటూ క్షేమమే అనుకున్న తర్వాత, ఇక అసలు సంగతికి వస్తే అని దాని అర్థమట. తాతయ్య ఉత్తరాల్లో అసలు సంగతి ఎక్కడుందో ఆమెకు ఎప్పుడూ కనిపించలేదు.

ఇప్పుడు తన ఉత్తరంలోనూ అది కనిపించడం లేదు. అలాగని సంగతులు లేక కాదు, చాలానే ఉన్నాయి. నాన్నకు చెప్పవలసినవి వేరు, నాయనమ్మకు వేరు. ఇంటర్‌లో కలిసి చదివిన ఆరుగురు స్నేహితులకు వేరు. ఉత్తరం రాశాక దాన్ని ఫోటో తీసి ఆ ఆరుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా రెండేళ్లుగా ఆనవాయితీ అయింది. వాళ్లు విశాఖలో, హైదరాబాద్‌లో, విజయనగరంలో ఉన్నారు. ఒకరు టెక్సాస్‌లో చదువుతున్నారు. ఒకే కాగితం ఇంతమంది ముందు నిలబడాలి.

నాన్న కోసమైతే వడ్ల సంగతి ఉంది. ఛత్తీస్‌గఢ్‌ను 'ధాన్ కా కటోరా' అంటారు, అంటే వరి గిన్నె అని. 2024 నవంబర్ 14న అక్కడ ప్రభుత్వ కొనుగోళ్లు మొదలయ్యాయి. ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాలుకు మొత్తం రూ.3,100 రైతు చేతికి వచ్చేలా లెక్క. కేంద్రం ఆ ఏడాది సాధారణ రకానికి ప్రకటించిన మద్దతు ధర రూ.2,300. పైన తేడాను రాష్ట్రం విడిగా చెల్లిస్తుంది. ఆంధ్రలో రైతు క్వింటాళ్లలో ఆలోచించడు, 75 కిలోల బస్తాల్లో ఆలోచిస్తాడు. ఆమె చిత్తుకాగితం మీద లెక్క వేసింది. ఇంటి దగ్గర బస్తా రూ.1,725. ఇక్కడి లెక్కన అదే బస్తా రూ.2,325. బస్తాకు సరిగ్గా 600 తేడా. నాన్న ఈ అంకెను ఊరంతా చెబుతాడని ఆమెకు తెలుసు.

ఇంకో సంగతి ఆయనకు మరీ ఇష్టం. రాయపూర్ చుట్టుపక్కల పొలాల్లో ఏం వేశారని అడిగితే చాలామంది రైతులు చెప్పే పేర్లు రెండు. ఒకటి స్వర్ణ. రెండోది 'దస్ దస్', అంటే ఎంటీయూ 1010. రెండూ పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టినవే. ఎంటీయూ అన్న మూడక్షరాలు మార్టేరును సూచించేవే. ఆ 1010నే మన దగ్గర కాటన్‌దొర సన్నాలు అంటారు. భాష రాక, తోవ తెలియక మొదటి నెలలో ఏడుస్తూ తిరిగిన అమ్మాయికి క్షేత్ర సందర్శనలో ఒక రైతు ఆ పేరు చెప్పినప్పుడు ఊరివాళ్లు ఎదురైనట్లు అనిపించింది. తనకన్నా ముందే తన వైపు విత్తనాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి.

నాయనమ్మ కోసం తిండి సంగతి ఉంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తింటారు. దాన్ని 'బోరే బాసీ' అంటారు. మన చద్దన్నమే. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ కార్మికుల గౌరవార్థం దాన్ని తినమని పిలుపునిచ్చారు. అధికారులు, మంత్రులు కంచాల ముందు కూర్చుని ఫోటోలు దిగారు. చద్దన్నం తిన్నందుకు ఫోటోలు తీస్తారని చెబితే నాయనమ్మ నెల రోజులు నవ్వుతుంది.

స్నేహితుల కోసం ఊరి సంగతులు ఉన్నాయి. బూఢా తలాబ్ మధ్యలో వివేకానందుడి విగ్రహం ముందు తీసుకున్న ఫోటో ఉంది. ఆయన పద్నాలుగేళ్ల నరేంద్రుడిగా 1877లో కుటుంబంతో రాయపూర్ వచ్చి రెండేళ్లు ఇక్కడ గడిపాడు. అప్పటికి ఇక్కడికి రైలు లేదు. దారిలో కొంత భాగం అడవుల మీదుగా ఎడ్లబండిలో వచ్చారు. ఇప్పుడు 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్-విశాఖ వందే భారత్ తిరుగుతోంది. సుమారు 530 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖకు పొద్దున్నే రాయపూర్‌లో ఎక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు. అయితే ఆ బండి బొబ్బిలిలో ఆగదు, పార్వతీపురంలో దిగి బస్సు పట్టుకోవాలి. టికెట్ ధర చూశాక ఆమె మళ్లీ రాత్రి రైలు స్లీపరుకే వెళ్లింది.

ఇవన్నీ నిజాలే. ఇవి రాస్తే ఇన్‌ల్యాండ్ మూడు మడతలూ నిండిపోతాయి. చదివినవాళ్లంతా సంతోషిస్తారు. కానీ ఆ ఏడాదిలో ఆమెకు జరిగింది మాత్రం ఇందులో ఉండదు.

జరిగింది ఇదీ. నాలుగో సెమిస్టరులో జన్యుశాస్త్రం పేపరు తప్పింది. జులైలో ఫలితం వచ్చింది. హాస్టల్ నడవాలో నిలబడి ఫోన్‌లో చూసుకుంది. వరుసగా ఉన్న అంకెల మధ్య ఒక ఇంగ్లిషు అక్షరం. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్న అడిగాడు, "రిజల్టు వచ్చిందేటమ్మా?" ఆమె, "ఇంకా లేదు నాన్నా" అంది. వారం తర్వాత ఆయన మళ్లీ అడిగితే, "వచ్చింది, బాగానే ఉంది" అంది. ఆయన మరి అడగలేదు. ఆ 'బాగానే' అన్న మాట ఐదు నెలలుగా ఆమె వెంట తిరుగుతోంది.

తప్పడానికి కారణం ఆమెకు స్పష్టంగా తెలుసు. తెలివి తక్కువ కాదు, సోమరితనం కూడా కాదు. అర్థం కానప్పుడు చెయ్యి ఎత్తకపోవడం. పాఠం మధ్యలో వేగంగా సాగే హిందీ మాటలు కొన్ని జారిపోయేవి. అడిగితే మరోసారి చెప్పేవారే. కానీ అడగడమంటే తాను ఎక్కడి నుంచో వచ్చినదాన్నని అందరి ముందూ ఒప్పుకోవడమే. చివరి బెంచీలో కూర్చుని తల ఊపడం తేలిక. సగం ఏడాది అలా తల ఊపింది. పరీక్షలో ప్రశ్నకు తల ఊపితే సరిపోలేదు.

అక్కడితో ఆగితే అది మామూలు కథ. అక్టోబర్‌లో మళ్లీ ఆ పేపరు రాయడానికి ఫీజు, పుస్తకాలు కలిపి డబ్బు కావలసి వచ్చింది. బస్తర్ టూరు అని చెప్పి నాన్న దగ్గర నాలుగు వేలు తెప్పించుకుంది. ఆయన ఎవరి దగ్గరో సర్దుబాటు చేసి మర్నాడే పంపాడు. "చిత్రకోట జలపాతం చూస్తావా? ఫోటో పెట్టు" అన్నాడు. నెల తర్వాత ఇంటర్నెట్‌లో దొరికిన జలపాతం ఫోటో ఒకటి పంపింది. తమ్ముడు దాన్ని తన ఫోన్ తెర మీద పెట్టుకున్నాడు. పరీక్ష తప్పినందుకు కలగని సిగ్గు ఆ ఫోటో చూసినప్పుడల్లా కలుగుతోంది.

పేపరు మళ్లీ డిసెంబర్ రెండో వారంలో రాసింది. బాగా రాసిందనే అనుకుంటోంది. ఫలితం జనవరిలో వస్తుంది. గదిలో ఉండే అమ్మాయిది ధమ్‌తరి. ఆమె ఇచ్చిన సలహా సూటిగా ఉంది: "ఇంకో నెల ఆగు. పాసయ్యాక చెబితే నవ్వుకుంటారు. ఇప్పుడు చెబితే ఏడుస్తారు." లోకంలో ఎక్కువమంది చేసేది అదే. సంవత్సరాంతపు కబుర్లలో ఓటమికి చోటు దొరికేది అది గెలుపుగా మారాక మాత్రమే. స్నేహితుల గ్రూపులో అప్పటికే ఆ వరస మొదలైంది. ఒకరికి ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఒకరు కొత్త బండి కొన్నారు. టెక్సాస్ అబ్బాయి మంచులో నిలబడిన ఫోటో పెట్టాడు. అందరి ఏడాదీ బ్రహ్మాండంగా గడిచింది.

ఆమెను ఆ ఆదివారం ఆపింది నవంబర్‌లో చూసిన ఒక గది. రాయపూర్‌లోని ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వరి విత్తనాల నిధి ఉంది. 23 వేలకు పైగా వరి నమూనాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ప్రపంచంలోని పెద్ద వరి సేకరణల్లో అదొకటి. దాని వెనక ఉన్న మనిషి పేరు ఆర్.హెచ్. రిఛారియా. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉండి, దేశవాళీ విత్తనాల విషయంలో పైవారితో పడక 1960లలో పదవి పోగొట్టుకున్న శాస్త్రవేత్త. తర్వాత 1970లలో రాయపూర్ కేంద్రంగా ఊరూరూ తిరిగి వేల రకాలను సేకరించాడు. 2002లో ఆ నిధి విషయమై విశ్వవిద్యాలయానికీ, సింజెంటా అనే బహుళజాతి విత్తన సంస్థకూ మధ్య ఒప్పందం ప్రయత్నం బయటపడినప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో పెద్ద గొడవ జరిగింది. చివరికి ఆ కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ గింజల విలువ సామాన్యులకు కూడా తెలిసింది అప్పుడే.

ఆమెకు గుర్తుండిపోయింది గొడవ కాదు, రికార్డు రాసే పద్ధతి. ఇలాంటి నిధుల్లో ప్రతి రకానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఎక్కడ దొరికింది, మొక్క ఎంత ఎత్తు, ఎన్ని రోజుల పంట అన్నవి రాస్తారు. దాంతో పాటే లోపాలూ రాస్తారు. గాలికి పడిపోతుందా, దోమపోటుకు లొంగుతుందా, అగ్గితెగులు తట్టుకోలేదా, దిగుబడి తక్కువా అన్నీ. సువాసన ఉన్న రకం పడిపోవచ్చు. కరువును తట్టుకునేది తక్కువ పండవచ్చు. కొత్త వంగడం తయారు చేసేవాడికి సుగుణం ఎంత ముఖ్యమో లోపం అంత ముఖ్యం. ఒక రకం పడిపోతుందన్న ముక్క రాయకుండా దాచితే, దాన్ని నమ్మి సంకరం చేసినవాడి ఏళ్ల కష్టం మట్టిపాలవుతుంది. మంచి మాత్రమే రాసిన రిజిస్టరు ఎవరికీ పనికిరాదు.

ఆమె తప్పిన సబ్జెక్టు సరిగ్గా అదే. ఆ సంగతి గుర్తొచ్చి కాస్త నవ్వు కూడా వచ్చింది.

రాసిన ఇన్‌ల్యాండును మడిచి పక్కన పెట్టింది. రెండోది తీసింది. 'నాన్నకు, అమ్మకు, నాయనమ్మకు నమస్కారాలు. తమ్ముడికి ఆశీస్సులు. ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టి, ఆ మాటకు ఉన్న అర్థం ప్రకారమే తర్వాతి వాక్యంలో అసలు సంగతికి వచ్చింది. 'నాన్నా, నేను జులైలో ఒక పేపరు తప్పాను. నీకు బాగానే ఉందని చెప్పాను. అది అబద్ధం. అక్టోబర్‌లో నువ్వు పంపిన నాలుగు వేలు టూరుకు కాదు, ఆ పరీక్షకు. నేను బస్తర్ వెళ్లలేదు. ఆ జలపాతం ఫోటో నేను తీసింది కాదు. పరీక్ష మళ్లీ రాశాను. ఫలితం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగి చెబుదామనుకున్నాను. అలా చెబితే అది నీకు చెప్పినట్లు కాదు.' ఆ తర్వాత వడ్ల ధర రాసింది. చద్దన్నం రాసింది. మార్టేరు విత్తనాల సంగతి రాసింది. స్నేహితులకు వేరే ఉత్తరం రాయలేదు. చివరి మడత మీద చోటు చాలక, ఈ ఏడాది చేసిన మంచి పనుల్లో సగం మిగిలిపోయాయి.

సోమవారం పొద్దున ఎర్రడబ్బాలో వేసేముందు ఎప్పటిలాగే ఫోటో తీసింది. గ్రూపులో పెట్టడానికి మాత్రం సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు. పెట్టాక ఫోన్ దిండు కింద దాచి మెస్‌కు వెళ్లిపోయింది.

గ్రూపు రెండు గంటలు మౌనంగా ఉంది. తర్వాత ఒకరు దండం పెట్టే బొమ్మ, ఇంకొకరు గుండె బొమ్మ పెట్టారు. రాత్రి పదకొండుకు టెక్సాస్ అబ్బాయి విడిగా రాశాడు. వచ్చినప్పటి నుంచి తన గదిలో తను ఒక్కడే భోంచేస్తున్నాడట. రెండు నెలలుగా ఇంటికి వీడియో కాల్ చేయడం లేదట, ముఖం చూస్తే అమ్మ కనిపెట్టేస్తుందని. మర్నాడు హైదరాబాద్ అమ్మాయి గ్రూపులోనే రాసింది. తనకొచ్చిన ఇంటర్న్‌షిప్‌కు జీతం లేదని, బస్సు ఖర్చు కూడా ఇంటి నుంచే తెప్పించుకుంటున్నానని. కొత్త బండి వాయిదాల మీద కొన్నదని అప్పుడు తెలిసింది. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. ఆ వారం ఆ గ్రూపులో నడిచినన్ని మాటలు ఏడాది మొత్తంలో నడవలేదు.

ఉత్తరం బొబ్బిలి దగ్గరి ఆ పల్లెకు 28న చేరింది, శనివారం. ఇంట్లో ఏం జరిగిందో ఆమెకు తమ్ముడు తర్వాత చెప్పాడు. ఎప్పటిలాగే అరుగు మీద నిలబడి గట్టిగా మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గర గొంతు ఆగింది. పక్కింటివాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. నాన్న, "సదువు" అన్నాడు. వాడు లోపలికి వెళ్లి చదువుతానన్నాడు. "ఇక్కడే సదువు. అది రాసింది, మనం ఇందాం" అన్నాడాయన. వాడు చివరి దాకా చదివాడు. వడ్ల ధర దగ్గరికి వచ్చేసరికి అరుగు మీద చర్చ మొదలైంది.

సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆమె తీయడానికి నాలుగు రింగులు పట్టాయి.

"ఏటమ్మా, బస్తాకి ఆరొందలు ఎక్కువిస్తన్నారంట, నిజమేనా?"

ఆమె నిజమేనంది. ఆయన తేమ శాతం గురించి అడిగాడు. సంచులు ఎవరిస్తారని అడిగాడు. ఆమె తెలిసినవి చెప్పింది. తర్వాత కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. వెనక ఎక్కడో టీవీ మోగుతోంది.

"ఆ నాలుగేలకి పరీచ్చని సెప్తే ఇవ్వనని అనుకున్నావేటి?"

ఆమె జవాబు చెప్పలేకపోయింది. ఆయన గొంతు సవరించుకుని అసలు సంగతికి వచ్చాడు. డిసెంబర్ మూడో వారం వానకు కోసిన పనలు మడిలోనే తడిసిపోయాయి. ఎకరం పైనే. తిరగేసి ఆరబెట్టినా గింజ రంగు మారింది. కొన్ని మొలకెత్తాయి. ఆ రోజుల్లో ఆమె ఫోన్ చేసినప్పుడల్లా, "కోతలు అయిపోయాయి, బాగానే ఉంది" అని ఆయన చెబుతూ వచ్చాడు. పరీక్షల్లో ఉన్న పిల్లకు ఎందుకని. "నువ్వు బాగానే అన్నావు. నేనూ బాగానే అన్నాను. సరిపోయింది" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. నవ్వూ లేదు.

ఫోన్ నాయనమ్మ తీసుకుంది. ఆవిడ పరీక్ష సంగతి ఎత్తలేదు. ట్రంకు పెట్టెలోని తాతయ్య ఉత్తరాల సంగతి చెప్పింది. రెండేళ్ల పాటు నెల నెలా క్షేమం, క్షేమం అని వచ్చాయి. ఒక సంక్రాంతికి ఆయన బొబ్బిలి స్టేషన్లో రైలు దిగాడు. సంచి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చేతికి రెండు వేళ్లు లేవు. పనిలో పోయి అప్పటికి ఏడు నెలలైంది. మధ్యలో వచ్చిన ఏడు ఉత్తరాలూ వేరే ఎవరి చేతో రాయించినవేనని ఆవిడకు అప్పుడు తెలిసింది. "రాత మారిందని సూసినాను. అడగనేదు. అడిగుంటే ఎల్లుందును" అంది నాయనమ్మ. ఆ మాట చెప్పడానికి ఆవిడకు దాదాపు అరవై ఏళ్లు పట్టింది. ఇంట్లో ఎవరికీ అది తెలియదు.

జనవరి మొదటి వారంలో ఫలితం వచ్చింది. పేపరు పోయింది మళ్లీ రాలేదు, అంటే పాసయింది. మార్కులు గొప్పగా ఏమీ లేవు. ఇంటికి ఫోన్ చేసి మార్కులతో సహా చెప్పింది. కొత్త సెమిస్టరు మొదటి రోజున ఆమె రెండో బెంచీలో కూర్చుంది. వారంలో మూడుసార్లు చెయ్యి ఎత్తింది. మొదటిసారి ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. మూడోసారి ఎవరూ చూడలేదు.

ఆ సంక్రాంతికి ఆమె ఇంటికి వెళ్లలేదు. టికెట్ డబ్బులు మిగిలితే నాన్న అప్పులో కాస్త తగ్గుతుందని తనే వద్దంది. 2025 జనవరి 13న ఇక్కడ భోగి, ఛత్తీస్‌గఢ్‌లో ఛేర్‌ఛేరా ఒకే రోజు వచ్చాయి. ఛేర్‌ఛేరా పుష్య పౌర్ణమి నాటి పండుగ. కొత్త వడ్లు ఇంటికి చేరాక పిల్లలు గుంపులుగా ఇంటింటికీ వెళ్లి అడుగుతారు. ఎవరూ లేదనకుండా దోసిలితో వడ్లు పోస్తారు. గదిలోని ధమ్‌తరి అమ్మాయి ఆమెను తన ఊరు తీసుకెళ్లింది. వాకిట్లో చాట పట్టుకుని నిలబడి వచ్చిన పిల్లల సంచుల్లో వడ్లు పోసింది. గింజ పట్టి చూసింది. 1010.

తిరిగి వచ్చేసరికి హాస్టల్ ఆఫీసులో ఆమె పేరిట ఒక ఇన్‌ల్యాండ్ ఉంది. నాన్న చేతిరాత. ఇరవయ్యేళ్లలో ఆయన ఆమెకు రాసిన మొదటి ఉత్తరం. అక్షరాలు పెద్దవి, గీతలు వంకర. నాలుగే నాలుగు వాక్యాలు. తడిసిన వడ్లలో ఎన్ని బస్తాలు అమ్ముడయ్యాయో, బస్తాకు ఎంత తగ్గించారో, ఎంత అప్పు మిగిలిందో అంకెలతో ఉంది. నాయనమ్మకు ఎడమ కంట్లో పొర వచ్చిందని, వేసవిలో ఆపరేషన్ చేయించాలని ఉంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తమ్ముడు లెక్కల్లో వెనకబడ్డాడని ఉంది.

చివరి వాక్యం: 'మిగతా అంతా క్షేమం.'